ఏ నరం?

మందమర్రిలో ఓ చిన్న దవాఖానలో కట్లు కట్టే సిస్టరమ్మకు ఒక అలవాటుండేది. ఎవరైనా నరం అనగానే, చేతిలోని దూది పక్కన పెట్టి, "ఏ నరం? ఉరికేదా, చెప్పేదా, గుంజేదా?" అని అడిగేది. నెత్తురు ఉరికే గొట్టం, స్పర్శ చెప్పే తీగ, కండను ఎముకకు పట్టి గుంజే తాడు. మూడింటికీ మనం పెట్టుకున్న పేరు ఒకటే.

గనిలో ఇనుప రేకు తగిలి ఒక కార్మికుడికి మడమ వెనక లోతుగా తెగింది. "కాలి నరం తెగింది" అని నేను వార్త రాశాను. మర్నాడు అతను ఆ దవాఖాన మంచం మీదే అది చదివి, ఇక కాలు పోయినట్టేననుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. సిస్టరమ్మ నన్ను పిలిపించింది.

"పేపర్ సారూ, నీ రాతకు గీ తమ్ముడు బతికున్న కాలుకు దినాలు జేస్తుండు."

కట్టు విప్పి, నా వేలు అతని పాదం మీద పెట్టించింది. "ఉరుకుతుందా?"

సన్నగా కొట్టుకుంటోంది. "ఉరుకుతోందమ్మా," అన్నాను.

అతని బొటనవేలి సందున దూదితో రాసింది. "తమ్మీ, ఏమన్న ఎరుకైతుందా?"

"సక్కిలిగిలి అయితుంది," అన్నాడు, గోడవైపే చూస్తూ.

"మరి ఉరికేది మంచిగనే ఉన్నది, చెప్పేది మంచిగనే ఉన్నది. తెగింది పిక్కను మడిమెకు గుంజేది. డాక్టర్ సారు కుట్టిండు, అతుకుతది. గిది రాయకపోతివి సారూ!"

సవరణ వేస్తానన్నాను. అతను మా మాటలు వినడం లేదు. మెల్లగా లేచి కూర్చుని, వంగి, నేను వేలు తీసిన చోట తన వేలు పెట్టి వెతుక్కుంటున్నాడు.

సిస్టరమ్మ కంచం తెచ్చింది. "ఇగ చెయ్యి తియ్యి, అన్నం తిను."

"జర ఆగమ్మా," అన్నాడతను. "ఉరుకుతుంది."