మా చిన్నకోడలు ఏజెంట్లకు రాసిన పుస్తకం

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరమూ ఉన్నాం, ఇద్దరమూ ఉత్తములమే. నా సంగతి ముందు చెబితే సొంత డబ్బా అంటారు గానీ, చెప్పకుండా ఉండలేను. పల్లెటూరి బడిలో అయిదో తరగతి చదివి, కుట్టుమిషను మీద ఇద్దరు కొడుకులను పెంచి, సొంతంగా దుకాణం పెట్టి, పేటలో సగం మంది ఆడపిల్లలకు కుట్టుపని నేర్పినదాన్ని. అలాంటి నాకు దొరికిన చిన్నకోడలు మాత్రం తక్కువదా?

ఆమె ఉద్యోగం పుస్తకాలు రాయడం. కథల పుస్తకాలు కావు. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్‌ను ఒకచోట కూర్చుని చక్కబెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ల కంపెనీ తయారుచేస్తుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు. అంతకుముందు అక్కడే ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది. రోజంతా తిట్లు తిని, ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. పట్టుబట్టి ఈ పనికి మారింది.

ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌ను మనుషులకు బదులు ఏఐ ఏజెంట్లు నడుపుతాయట. అంటే, పని చెబితే పుస్తకం చదువుకుని తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాములు. వాటికోసం పుస్తకం రాసే పని మా కోడలికి అప్పగించారు. శుక్రవారం ఒక ఆసుపత్రి వాళ్ల ముందు పరీక్ష. ఏజెంటు తడబడితే పుస్తకాల విభాగం ఎత్తేసి, ఆమెను మళ్లీ ఫోన్ల దగ్గర కూర్చోబెడతానని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

రెండు రోజుల ముందు, నెట్‌వర్క్ వైర్లన్నీ వచ్చి కలిసే, లైట్లు మిణుకుమనే స్విచ్చు పెట్టె ఒకటి తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది. వాడకం తక్కువగా ఉన్న పోర్టులన్నీ మూసెయ్యమని ఏజెంటుకు పని చెప్పింది. పోర్టంటే పెట్టెలో వైరు గుచ్చే చోటు. ఏజెంటు చకచకా ఒక్కొక్కటే మూసుకుంటూ పోయి, ఉన్నట్టుండి ఉలుకూ పలుకూ మానేసింది. తాను లోపలికి వచ్చిన పోర్టును కూడా మూసేసుకుంది!

మా చిన్నబ్బాయి పగలబడి నవ్వాడు. “కూర్చున్న కొమ్మే నరుక్కున్నాడు కదా మీ మహాపండితుడు!”

“నవ్వండి, నవ్వండి. సోమవారం నుంచి తిట్లు తినేది నేను కదా!” అంది కోడలు.

“వచ్చిన దారి మూసుకోకూడదని పుస్తకంలో రాయలేదామ్మా?” అని అడిగాను.

“ఎవరు రాస్తారత్తయ్యా? నెట్‌వర్క్ పని తెలిసిన మనిషెవరూ ఆ పని చెయ్యరు. అందుకే ఎవరూ రాయలేదు.”

నేను ఊరుకుంటానా? “‘జాగ్రత్తగా చూసుకుని మూయవలెను’ అని ఒక్క ముక్క పెట్టు. నా శిష్యురాళ్లకు ‘చూసుకుని కత్తిరించు’ అనేదాన్ని, అంతే. ఒక్కతీ గుడ్డ పాడుచెయ్యలేదు.”

“జాగ్రత్త అంటే ఏ మీట నొక్కాలత్తయ్యా?”

“చూసుకోవడానికి మీటెందుకమ్మా?” అన్నాను.

“మీ శిష్యురాళ్లు మీ మొహం చూసి కత్తెర ఆపేవాళ్లు. దీనికి మీ మొహం కనపడదుగా!” అంది నవ్వుతూ. అన్నది ఆమే, అని ఆలోచనలో పడిందీ ఆమే. గబగబా పుస్తకం తెరిచి ‘జాగ్రత్తగా’, ‘అవసరమైతే’, ‘మామూలుగా’ లాంటి మాటలన్నీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరిపారేసింది. వాటి బదులు, ప్రతి పనికీ ముందు ఏం చూడాలో, ఆ పని చేస్తే ఏది ఆగిపోతుందో, దాన్ని వెనక్కి తిప్పడమెలాగో, ఎక్కడ ఆగి మనిషిని అడగాలో రాసింది. మార్పును తాత్కాలికంగా చేసి, సరేనని మళ్లీ చెప్పకపోతే దానంతటదే పాత స్థితికి వచ్చే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందునుంచే ఉంది. ఎక్కడో చివరి అధ్యాయంలో పడి ఉన్నదాన్ని మొదటి పేజీకి తెచ్చింది. మర్నాడంతా భోజనానికి పిలిచినా వినిపించుకోలేదు.

శుక్రవారం జరిగింది ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. ఆసుపత్రి పెద్దమనిషి గడుసువాడు. నమూనాగా కట్టిన నెట్‌వర్క్‌ను చూపించి, “ఈ అంతస్తులో పోర్టులన్నీ మూసెయ్యమనండి” అన్నాడట. ఏజెంటు ఒక్కటీ మూయలేదు. తెర మీద ఇలా పడింది: “వీటిలో ఒకటి నేను వచ్చిన దారి. రెండింటికి రోగులను కనిపెట్టుకుని ఉండే యంత్రాలు తగిలించి ఉన్నాయి. ఈ మూడూ మూయాలో వద్దో మనిషి చెప్పాలి.”

మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. “ఇదేంటమ్మా, పని చెబితే ఎదురు ప్రశ్నలేస్తోంది!”

పెద్దమనిషి మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. “మావాడొకడు అడక్కుండా మూసేసి మా కొంప ముంచాడండీ. మాకు ఇలా అడిగేదే కావాలి.”

సాయంత్రం నాకు ఫోనొచ్చింది. “అత్తయ్యా, ఫోన్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు! నా పని నాకే ఉంది!”

“నాకు ముందే తెలుసు,” అన్నాను. తెలియదనుకోండి.

“కానీ ఒక చిక్కొచ్చింది. ఏజెంట్ల పుస్తకం ఫిర్యాదుల విభాగం వాళ్లు లాక్కుని చదివేశారు. మనుషుల పుస్తకం కూడా అచ్చం ఇలాగే ఉంటే తమకు ఫోన్లు తగ్గుతాయని పట్టుబట్టారు. అంతా మళ్లీ మొదటినుంచి రాయాలి!”

“రాయమ్మా, రాయి. మనుషులు మాత్రం ఏం తక్కువ తిన్నారు!”