పన్నెండో నిబంధన, మా అమ్మమ్మ

నాకు ఇరవై ఆరేళ్లున్న ఆ కాలంలో, కాగితం మీద రాసి నంబరు వేయని విషయం ఏదైనా సరే లేనట్టే లెక్క అని గట్టిగా నమ్మేవాణ్ణి. గుడివాడలో ఒక ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో మూడేళ్లపాటు కుర్రాళ్లచేత ఇనుపముక్కలు అరగదీయించిన మనిషికి అంతకంటే మెరుగైన వేదాంతం అబ్బదు. అటువంటివాణ్ణి ఆ ఉద్యోగం వదులుకుని, టాంజానియాలో సముద్రం పక్కనున్న ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పడానికి, అదీ ఆటలతో చెప్పడానికి ఒప్పుకున్నాను. "ఆటలు మానిపించడానికి పంతుళ్లని పెట్టుకుంటారు గానీ, ఆడించడానికి పెట్టుకుంటార్రా ఎవరైనా? విమానం టిక్కెట్టు కూడా ఇచ్చి?" అని మా బాబాయి వారం రోజులు ఆశ్చర్యపోయాడు. బడివాళ్ల షరతు మాత్రం ఆశ్చర్యానికి తావులేనంత స్పష్టంగా ఉంది. మూడో నెలాఖరున ప్రధానోపాధ్యాయిని ఎదుట నలభై నిమిషాల పాఠం చెప్పాలి. ఆవిడకు నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే మళ్లీ బాబాయి, మళ్లీ ఇనుపముక్కలు.

నేను ఎంచుకున్న ఆట వామనగుంటలు: రెండు వరసల్లో పధ్నాలుగు గుంటలు, వాటిలో ఒక్కోటిగా పంచుకుంటూ పోయే చింతపిక్కలు. చెప్పదలచిన పాఠం భాగహారంలో శేషం. బయల్దేరే ముందు బందరు వెళ్లి, అమ్మమ్మగారి వామనగుంటల మడతబల్లను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాను (ఒక్కో గుంట వ్యాసం నలభై ఆరు మిల్లీమీటర్లు, ఈ వివరం తరవాత ఎవరికీ ఉపయోగపడలేదు). ఆపైన ఆవిడ ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పదకొండు నిబంధనలు సాఫీగానే సాగాయి.

"చివరి పిక్క వేశాక పక్క గుంట ఖాళీగా ఉంటే?"

"ఆ ఖాళీ గుంట తుడిచి, దాని అవతల గుంటలోవి తీసుకోవాలి."

"మరి దాని ఎదురు గుంటలోవి?"

"అవీ మనవే."

"అదేంటమ్మా!" అంటూ పిన్ని గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది. (పుట్టింది బందరులోనే అయినా, పెళ్లయిన మర్నాటి నుంచి ఆవిడ పూర్తిగా అవనిగడ్డ పక్షం.) "ఎదురు గుంట జోలికెళ్లకూడదు. మా వైపు అలా తీస్తే చెయ్యి పట్టుకుంటారు."

"మీ దివిసీమోళ్ల ఆటకేం గానీ, ముందు పప్పు మాడకుండా చూడు."

"మరి నన్నేది రాసుకోమంటారు?" అన్నాను.

"రాసుకోడమేంట్రా? ఆడుతుంటే తెలుస్తుంది!" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ రోజు వాళ్లిద్దరికీ కుదిరిన ఏకైక ఏకాభిప్రాయం అదే. నేను పళ్లు నూరుకుంటూ, 'పన్నెండు: ఎదురు గుంట. నిర్ణయం పెండింగు' అని రాసుకున్నాను.

పరీక్షరోజు వచ్చింది. పెద్ద మేడమ్ వెనక బెంచీలో నోటుపుస్తకం తెరిచి కూర్చున్నారు. వెంట తెచ్చుకున్న అమ్మమ్మ బల్ల మధ్యలో పెట్టి, పిల్లలను చుట్టూ నిలబెట్టి, మొత్తం ఇరవై మూడు నిబంధనలూ ఉదాహరణలతో సహా ఇరవై రెండు నిమిషాలు వివరించాను. ప్రతి మాటకూ అభ్యంతరం చెప్పే ఒక పన్నెండేళ్ల అమ్మాయికి నేను మనసులో జడ్జిగారని పేరు పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యెత్తింది. "సార్, ఇలాంటిది మా తాత రోజూ ఆడతాడు. మాకు నాలుగు వరసలుంటాయి. మీకు రెండే ఉన్నాయేంటి, మిగతా సగం ఇంటి దగ్గర మర్చిపోయారా?" తరగతి గొల్లుమంది. మేడమ్ ఏదో రాసుకున్నారు.

సరే, నాతో నువ్వే ఆడు అన్నాను. నాలుగో ఎత్తులోనే ఆ పిల్ల చివరి పిక్క వేసి, ఖాళీ గుంట దాటి, అవతల గుంటలోని మూడు పిక్కలతో పాటు ఎదురు గుంటలోని ఎనిమిదీ ఊడ్చేసింది. సగం తరగతి చప్పట్లు, సగం తరగతి గోల. "సార్, మీ కాగితంలో ఏముందో చూడండి" అంది. చూశాను. పెండింగు. (బుద్ధున్న మనిషెవడైనా తోచింది చెప్పి గట్టెక్కేవాడు. రికార్డులో లేనిది చెప్పడానికి నాకు నోరు రాలేదు.) "రాయలేదు" అన్నాను. "అయితే తెలిసినవాళ్లని అడగండి" అని జడ్జిగారు తీర్పిచ్చారు.

మాకు ఉదయం పది దాటింది. బందరులో పన్నెండున్నర దాటింది. వీడియోకాల్‌లో అమ్మమ్మ ముఖం కనబడింది.

"అన్నం తిన్నావురా?"

"అమ్మమ్మా, క్లాసులో ఉన్నాను. నా ఉద్యోగం సంగతి. ఎదురు గుంట..."

"ఏదీ, బల్ల చూపించు. ఆ పిల్లెవరు? చెయ్యి భలే చురుగ్గా ఉందే! తీసుకోనీ. ఇప్పుడు నా ఎత్తు. నువ్వలా అడ్డం నిలబడితే నాకెలా కనపడుద్దిరా? పక్కకి జరుగు."

జరిగాను. ఆ తరవాత నేను ఫోను పట్టుకునే స్టాండును మాత్రమే. అమ్మమ్మ వేళ్లెత్తి గుంట నంబరు చూపించేది, జడ్జిగారు ఆవిడ తరఫునా తన తరఫునా పిక్కలు పంచేవారు. ఏ గుంట ఎత్తితే చివరి పిక్క ఎక్కడ పడుతుందో పిల్లలు ముందే లెక్కగట్టి అరవడం మొదలుపెట్టారు. ఒకడు నేలమీద సుద్దముక్కతో పధ్నాలుగు చేత భాగించేస్తున్నాడు. మేడమ్ ఎప్పుడు లేచొచ్చి గుంపులో దూరారో నేను గమనించలేదు. గంట కొట్టేసరికి జడ్జిగారు మరో ఎదురు గుంట ఊడ్చి గెలిచారు. "నా రూలుతో నన్నే కొట్టిందిరా! రేపు మళ్లీ ఆడాలని చెప్పు" అంది అమ్మమ్మ, పట్టరాని సంతోషంతో.

సాయంత్రం నా చేతికిచ్చిన నివేదికలో మూడు వాక్యాలున్నాయి. 'మొదటి ఇరవై రెండు నిమిషాలు: ఉపాధ్యాయుడు ఆట గురించి చెప్పాడు. తరవాతి పద్దెనిమిది నిమిషాలు: ఉపాధ్యాయుడు కనబడలేదు, పాఠం కనబడింది. ఉద్యోగం ఖాయం చేయవచ్చు.'

ఆ తరవాత చాలాకాలం అమ్మమ్మ నాకు ఫోను చేసి, "నిన్ను కాదు, ఆ పిల్లని పిలు" అనేది. ఇప్పుడు అమ్మమ్మ లేదు. బల్ల ఆ బడిలోనే ఉంది. నేను మాత్రం దేశాలు మారి, ఆటలతో పాఠాలెలా చెప్పాలో కొత్త పంతుళ్లకు నేర్పుతున్నాను. మొన్న ఒక కుర్ర పంతులు నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, "ఎదురు గుంటలోవి తీసుకోవచ్చాండీ, కూడదా? రాసుకుంటాను" అని అడిగాడు.

"ఆడుతుంటే తెలుస్తుందిలే" అన్నాను.

అతను పళ్లు నూరుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలిసినదే.