షిరాజ్ మర్యాదతో టెక్సస్‌లో హెడ్ నర్సు

ఇరాన్‌లోని షిరాజ్ నగరపు ఆధునిక వైద్యశాలల చరిత్ర టెక్సస్‌లోని ఇర్వింగ్ తెలుగు ప్రార్థన కూటానికి తెలిసినంతగా బహుశా ఆ నగరానికే తెలియదు. కారణం దేవకుమారిగారు. తెనాలిలో నర్సింగు చదివి, షిరాజ్‌లో పనిచేసి, ఇరాన్‌లో విప్లవం రాగానే భర్త సత్యానందంతో టెక్సస్ చేరారు. ప్రార్థన ముగిసి బిర్యానీ పళ్లెం చేతికి రాగానే చరిత్ర మొదలయ్యేది: ముందు ఇంగ్లీషు మిషనరీల దవాఖానా, తరవాత ఓ శ్రీమంతుడు అమెరికా పద్ధతిలో కట్టించిన పెద్దాసుపత్రి, అందులో అమెరికా డాక్టర్లు, ఇండియా నర్సులు, ఇంగ్లీషులో కేస్ షీట్లు.

"అయితే అమెరికాని ఇరాన్‌లోనే చూసేశారన్నమాట ఆంటీ!" అనేవారు కుర్రకారు.

"ఇక్కడికంటే అక్కడే శుభ్రం బాబూ."

ఇరాన్‌లో అమెరికావాళ్లను బందీలుగా పట్టుకున్న గొడవ నడిచినన్నాళ్లూ చరిత్రకు విరామం. ఇరాన్ పేరెత్తితే పేషెంట్లు ఇంజెక్షన్ వద్దనేవారు.

ఎనభై నాలుగులో ఆమె వార్డుకు హెడ్ నర్సు పోస్టు ఖాళీ అయింది. తాను పని నేర్పిన పిల్లలే తనకు పని పురమాయిస్తున్న రోజులవి. ఆ పోస్టు ఆమెకు కావాలి. ప్రార్థనలో రోగులు, అనాథలు, ప్రపంచశాంతి అయ్యాక, చివర చిన్న గొంతుతో దాన్నీ చేర్చేవారు.

నర్సింగ్ డైరెక్టర్ పిలిచి, చేస్తారా అని అడిగింది.

షిరాజ్‌లో ఆసుపత్రి అమెరికాదే గాని మర్యాద పర్షియావారిది. ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారి బతిమాలాక పుచ్చుకోవాలి. అక్కడ ఆమెకు వార్డు ఇన్‌చార్జి పదవి అలాగే వచ్చింది.

"అయ్యో, నేనెంతదాన్ని మేడమ్! ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఓకే. నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్," అంటూ డైరెక్టర్ ఫోన్ అందుకుంది.

"మళ్లీ అడుగుతుందంటావా?" అన్నాడు సత్యానందం ఇంట్లో.

"అడగాలి కదండీ! ఇంకా రెండుసార్లు మిగిలే ఉన్నాయి."

"ఆవిడది డాలస్ కదే!"

డైరెక్టర్ మళ్లీ అడగలేదు. కొన్నాళ్లకు డ్యూటీలో లూసీ ఆమెను పక్కకు లాగింది. కాకినాడ పిల్ల, ఆమె దగ్గరే పని నేర్చుకుంది.

"అక్కా, డైరెక్టర్ ఆ పోస్టు నన్ను తీసుకోమంది. మీరుండగా నేనేంటని వద్దన్నాను. ఇక బయటివాళ్లని తెస్తారంట. వెళ్లి అడగండి."

"నోరు తెరిచి అడగడమా! సిగ్గు కాదూ?"

"సిగ్గు కావాలా, పోస్టు కావాలా?"

దేవకుమారిగారు వెళ్లారు. షిరాజ్‌లో గాని, తెనాలిలో గాని మర్యాదస్తులెవరూ పలకని వాక్యం జీవితంలో మొదటిసారి పలికారు.

"ఆ పోస్టు నాకు కావాలి."

డైరెక్టర్ కళ్లజోడు తీసింది. "ఆర్ యూ ష్యూర్?"

ఇది రెండోసారి అడగడం. నియమం ప్రకారం ఇప్పుడు వద్దనాలి. 'అయ్యో' పళ్లదాకా వచ్చేసింది. పళ్లు బిగించి, టెక్సస్‌వారికి అనుమానం రాని విధంగా తల నిలువుగా ఊపారు.

"గుడ్. సోమవారం నుంచి మీరే."

పోస్టు వచ్చింది. బతిమాలించుకోకుండా పుచ్చుకున్నానే అని మాత్రం, హైవే దిగి ఇల్లు చేరేదాకా ఆమెకు తల కొట్టేసినట్టే ఉంది.