పుల్ అనే క్రియ, అలివి వల తాడు

1961లో నన్ను కోట అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డునున్న ఒక జాలర్ల పాలెం మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు అసిస్టెంటుగా వేశారు. అప్పుడే స్ట్రక్చరల్ పద్ధతి కొత్తగా వచ్చింది. మాటకు తెలుగు అర్థం చెప్పకూడదు. పని చేసి చూపించి, వాక్యాన్ని అందరి చేతా అనిపించాలి. దాన్ని డ్రిల్లు అనేవాళ్ళం. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చి, నా పాఠం చూసి, బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

ఆ రోజుకు 'పుల్' అనే క్రియ ఎంచుకున్నాను. నిఘంటువు తిరగేస్తే ఉత్సాహం పుట్టింది. పూర్వం ఆ మాటకు ఈకలు పీకడం, కాయలు తెంపడం అనే అర్థాలుండేవట. లాగడం తర్వాత వచ్చి చేరింది. మనం బండి లాగుతాం, పన్ను పీకుతాం, చెయ్యి పట్టి గుంజుతాం. ఇంగ్లీషువాడికి అన్నిటికీ ఆ ఒక్క మాట చాలు. బల్లకు తాడు కట్టి సిద్ధంగా ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కూర్చున్నారో లేదో, ఒడ్డు మీద కేకలు వినిపించాయి. అలివి వలలో, అంటే ఒడ్డు నుంచి తాళ్ళతో లాగే పెద్ద వలలో, చేపల మంద పడింది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివారికీ భాగం ఇవ్వడం అక్కడి ఆచారం. క్లాసు క్లాసంతా లేచి పరిగెత్తింది. బెత్తం పట్టుకుని నేను, నా వెనక ఇన్‌స్పెక్టరు గారు.

వల లాగించే పెద్ద పోలయ్య మమ్మల్ని చూసి లాగడం ఆపలేదు.

"అయివోరా, ఆ బెత్తం ఇసకలో గుచ్చి రాండి. తాడు కాడ ఊరికే నిలబడకూడదు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగి, "పెద్దసారూ, మీరూ పట్టండి. మీకూ భాగం ఉండాది," అన్నాడు.

ఆయన కోటు విప్పి ఇసుకలో పడేసి తాడందుకున్నారు. ఇవాళ ఏ మాట చెప్పబోయినారని పోలయ్య నన్నడిగాడు. చెప్పాను.

"అయితే దాంతోనే లాగుదాం."

ఒడ్డంతా 'పుల్' అంది. 'వియార్ పుల్లింగ్ ద రోప్' అన్నాను. పిల్లలు అన్నారు, వాళ్ళ అమ్మలు అన్నారు, ఇన్‌స్పెక్టరు గారూ అన్నారు. వల బరువుగా కదిలింది. అరచేతులు మండుతున్నా ఆపాలనిపించలేదు. వల ఒడ్డెక్కేసరికి ఆ వాక్యం రానివాళ్ళు లేరు. సాయంత్రం నా భాగం చేపలు ఇంటికి వచ్చాయి.

ఆరుబయట పాఠాన్ని నేను ముందే ఆలోచించి ఏర్పాటు చేశానని ఇన్‌స్పెక్టరు గారు మెచ్చుకుంటూ రాశారు. ఉద్యోగం ఖాయమైంది. తర్వాత ట్రెయినింగు క్లాసుల్లో ఆ పాఠాన్ని నా పేరుతోనే చెప్పారు. నేను కాదనలేదు.

జరిగింది వేరు. నేను పిల్లల్ని కొట్టడానికి పోయాను. పాఠం నడిపింది పోలయ్య. క్రియను ముందు చేతికివ్వాలి, తర్వాత నోటికి. అది నేర్చుకుని ఉద్యోగమంతా అలాగే చెప్పాను. తాడు పట్టినవాళ్ళందరికీ భాగం ఇవ్వాలన్నది మాత్రం ఆ రోజు నేర్చుకోలేదు.