ఒక కంచం ఎక్కువ

నిన్న మా అమ్మాయి తిని వదిలేసిన కంచం సింక్‌లో కనిపించింది. డిష్‌వాషర్ పక్కనే ఉన్నా చేత్తోనే కడిగేశాను. అది అమ్మమ్మ నుంచి వచ్చిన అలవాటు.

నా చిన్నప్పుడు ఆమె నల్గొండ నుంచి అమెరికాలో, నోవైలోని మా ఇంటికి వచ్చింది. మంచు కురుస్తున్న ఓ మధ్యాహ్నం ఇద్దరం టీవీలో పాత యుద్ధం సినిమా చూస్తున్నాం. ఊరిని ఆక్రమించిన సైన్యంతో రహస్యంగా పోరాడుతున్న ఇద్దరికి ఒకామె భోజనం పెట్టి, అటక మీద దాచింది. అంతలో సైనికులు తలుపు కొట్టారు. ఇంగ్లీషు ముక్క రాని అమ్మమ్మ సోఫాలోంచి లేచి నిలబడింది.

"కంచాలు తియ్యి బిడ్డా, జల్ది తియ్యి" అంది టీవీలోని ఆమెతో.

లోపలికొచ్చిన ఆఫీసర్ బల్ల మీద కంచాలు చూశాడు. తర్వాత అటక వైపు చూశాడు.

"నువ్వు ఈ మూవీ ముందే చూశావా అమ్మమ్మా? ఎండింగ్ చెప్పేశావు" అని అలిగాను.

"చూసిన బిడ్డా" అని వంటింట్లోకి వెళ్లి ట్యాప్ తిప్పింది.

ఆమె పోయాక అమ్మ చెప్పింది. రజాకార్ల కాలంలో, వాళ్ల మీద పోరాడే దళంలో ఉన్న అమ్మమ్మ వాళ్ల అన్న ఒకరోజు అన్నం తినడానికి ఇంటికొచ్చి దొరికిపోయాడట. పెరట్లో ఎంగిలి కంచం ఒకటి ఎక్కువ ఉండటం చూసి ఇల్లు వెతికారట.

ఆ ఇంట్లో కంచాలు కడిగే పని అమ్మమ్మది.