మూడో స్టెతస్కోపు

చిలకలగూడ క్లినిక్‌లో బీపీ చూసేది కెజియా సిస్టరే. చేతికి పట్టీ చుట్టి, తల కాస్త పక్కకు వంచి వినడం ఆమెకు ఇరవై ఆరేళ్ల అలవాటు. ఈమధ్య మాత్రం ముందు ఫ్యాన్ ఆపేస్తోంది. పేషెంట్లంతా గొణుగుతున్నారని విసుక్కుంటోంది. మాట్లాడేవాళ్ల పెదాలే చూస్తుంది. అర్థం కాకపోతే నవ్వి "ఆఁ, ఆఁ" అంటుంది. ఏడాదిలో ఇది మూడో స్టెతస్కోపు. ఇందులోనూ చప్పుడు అందకపోతే పాత చీటీలో ఉన్న అంకెకు అటూ ఇటుగా ఏదో రాసేస్తోంది.

ఇవాళ బిక్షమయ్య వచ్చి, "తల దిమ్ముగ ఉంది సిస్టరమ్మా, జెర మంచిగ చూడు" అన్నాడు. నూట ముప్పై అని రాసింది. గడప దాటకముందే ఆయన కూలబడ్డాడు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి తనే చూస్తే రెండొందల పది! ఆయన మీదికి వంగి ఉండగానే, "అసలు మీకు చప్పుడు వినపడిందా సిస్టర్?" అని అడిగింది. వంగి ఉన్న డాక్టరమ్మ పెదాలు కెజియాకు కనపడలేదు. అలవాటుగా నవ్వి, "ఆఁ, ఆఁ" అంది. డాక్టరమ్మ తలెత్తి ఆ నవ్వు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆయన్ను అంబులెన్స్ ఎక్కించాక కెజియా డ్రెస్సింగ్ గదిలో గడియ పెట్టుకుని, స్టెతస్కోపు బిళ్లను తన గుండెకే ఆనించుకుంది. "ఒక్క దెబ్బ వినిపించు ప్రభువా" అంటూ ఇంకా ఇంకా అదుముకుంది. బిళ్ల కింద గుండె దడదడ కొట్టుకుంటున్నట్టు వేళ్లకు తెలుస్తూనే ఉంది.