నేను చంపిన పేషెంటు

నేను డాక్టర్ని కాను. అయినా ఒక మనిషిని చంపాను. అదీ ఫోన్లో, టీ తాగుతూ.

ఊపిరితిత్తుల మీద పరిశోధన ఒకటి విశాఖలో మా ప్రభుత్వాసుపత్రికి వచ్చినప్పుడు నన్ను అందులో కోఆర్డినేటర్‌గా తీసుకున్నారు. పేరు గంభీరంగా ఉంది కానీ, పనల్లా పేషెంట్లకు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడగడం, వాళ్ళు చెప్పింది కంప్యూటర్లో ఎక్కించడం. పోర్టులో ఏళ్ళ తరబడి బొగ్గు దుమ్ము మింగి ఆయాసం తెచ్చుకున్న కూలీలకు ఒక కొత్త ఇన్‌హేలర్ పనిచేస్తుందా లేదా అని చూడాలి. నెలకొకసారి వాళ్ళు వస్తే పరీక్ష చేసి, మరో నెలకు సరిపడా ఇన్‌హేలర్ ఇచ్చి పంపాలి. ఎవరైనా రాకపోతే వాళ్ళకంటే ముందు మా ప్రొఫెసర్‌గారికి ఆయాసం వచ్చేది.

ప్రశ్నల కాగితాలను ఎక్కడో, ఎవరో మహానుభావులు తెలుగులోకి మార్చి పంపారు. "గడచిన మాసమున తమకు శ్వాసకృచ్ఛ్రము సంభవించినదా?" అన్నది మొదటి ప్రశ్న. అది చదివితే పేషెంట్లు "అదేటమ్మా, మంత్రమా?" అనేవారు. నేను కాగితం పక్కన పెట్టి "దమ్ము వస్తోందా?" అని అడిగేదాన్ని. "రాకేటి!" అని మొదలుపెట్టి ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. పుట్టి పెరిగింది ఉక్కునగరంలో, ఈ ఊరి భాష నాకు రాకపోవడమేమిటని ధీమా. నిజానికి మా క్వార్టర్లో మాట్లాడింది మా నాన్న కృష్ణా జిల్లా నుంచి మోసుకొచ్చిన తెలుగే. ఆ తెలుగులో మనిషి ఊరికి 'వెళ్తాడు'. 'పోయాడు' అంటే ఇక రాడు.

పెందుర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. పోర్టులో కలాసీగా బస్తాలు మోసి మోసి మానేసినవాడు. ఇన్‌హేలర్‌ను పంపు అనేవాడు. పరీక్ష కోసం గొట్టంలోకి గట్టిగా ఊదమంటే, "ఊదే ఓపికుంటే నీ కాడికెందుకొత్తానమ్మా?" అని నన్నే నిలదీసేవాడు. ఒక నెల ఆయన రాలేదు. ఫోన్ పలకలేదు. ఫారంలో రాసి ఉన్న పొరుగింటి నంబరుకు చేశాను.

"ఆడా? ఆడు పోనాడమ్మా," అన్నాడు పొరుగాయన.

నా చేతిలో టీ గ్లాసు అక్కడే ఆగింది. "ఎప్పుడండీ?"

"మొన్న మంగళారం."

"అయ్యో, ఏమైంది?"

"ఏటవుద్ది? దమ్ము ఎక్కువైపోనాది. ఇంకిక్కడ ఉండలేనని పోనాడు."

"మరి వాళ్ళావిడ?"

"ఆవిడేటి సేత్తాది? మర్నాడే ఎనకాల పోనాది."

భర్త పోయిన మర్నాడే భార్య! అంత అన్యోన్యత ఈ కాలంలో ఎక్కడుంది అనుకుని కాసేపు ఏడ్చాను కూడా. కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్లో ఆయన పేరు తెరిచి, 'మరణం' అన్న చోట నొక్కాను. ఖాయమేనా అని అడిగింది. నాకు లేని అనుమానం దానికి వచ్చింది. ఖాయమే అన్నాను.

పరిశోధనలో మనిషి చనిపోతే మామూలు గొడవ కాదు. "మన మందు వల్ల కాదు కదా?" అని ప్రొఫెసర్‌గారు నన్ను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవారు, మధ్యలో నేనేదో కొత్తగా కనిపెట్టి ఉంటానన్నట్టు. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి ఉత్తరాలు వెళ్ళాయి. పెద్దాయన ఆత్మకు శాంతి ఉందో లేదో గానీ, మా డిపార్ట్‌మెంటుకు లేకుండా పోయింది.

మూడో వారంలో ఆయన వచ్చాడు. నడుచుకుంటూ, భార్యను వెంటబెట్టుకుని.

"ఏటమ్మా, దెయ్యాన్ని సూసినట్టు సూత్తన్నావు?"

బొబ్బిలి దగ్గర తమ ఊళ్ళో గాలి బాగుంటుందని పోయాడట. ఇంటికి తాళం వేసి మర్నాడు ఆవిడ పోయిందట. అంతే సంగతి. నేను జరిగింది చెప్పగానే ఆయన పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. పెదవులు నల్లబడ్డాయి. పొదుపుగా వాడినా పంపు అయిపోయి పది రోజులైందని ఆవిడ చెప్పింది.

కొత్త ఇన్‌హేలర్ బీరువాలోంచి తీయాలంటే, ఏ డబ్బా తీయాలో కంప్యూటరే నంబరు ఇవ్వాలి. అది ఇవ్వనంది. చచ్చినవాడికి మందెందుకు అని దాని వాదన. అందులో మనిషిని చంపడానికి మీట ఉంది, బతికించడానికి లేదు. వార్డు సిస్టర్ పరుగెత్తుకొచ్చి ముఖానికి మాస్కు పెట్టి, మామూలు మందు పట్టించి ఆయన్ను నిలబెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా మిడిమిడి తెలుగుకు ఆయన ఊపిరి పోయేది. ఆ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన్ను తిరిగి బతికించడానికి రెండు నెలలు పట్టింది. బతికే ఉన్నానని ఆయన చేత సంతకం పెట్టించాం. అది చాలక, ఆనాటి పేపరు చేతిలో పట్టించి ఫోటో తీయించారు ప్రొఫెసర్‌గారు. అన్నాళ్ళూ వార్డు మందుతోనే నెట్టుకొచ్చాడు. మందు కోసం వచ్చినప్పుడల్లా లైను దాటి నేరుగా ముందుకు వెళ్ళేవాడు. అటెండర్ ఆపితే, "సచ్చిపోనోడికి లైనేటి బావా?" అనేవాడు. ఊరికి వెళ్ళేముందు నా గదిలోకి తల పెట్టి, "ఊరికి పోతన్నాను. ఈపాలి సంపీకమ్మా," అని మరీ వెళ్ళేవాడు.

నేను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "పోనాడు అంటే, ఎక్కడికి అని అడగాలి" అని రాసి ఫోన్ పైన గోడకు అంటించాను. దాని పుణ్యమా అని ఎంతోమంది బతికారు. ఒకాయన మద్దిలపాలెం దాకా పోయాడు, ఒకాయన కూతురి ఇంటికి పోయాడు. అడగడం అలవాటైపోయింది. నోరు దానంతటదే అడిగేసేది.

పరిశోధన ముగిసే ముందు అందరికీ చివరి ఫోన్లు చేస్తున్నాను. పెందుర్తి నంబరుకు ఆయన భార్య పలికింది. పెద్దాయన ఉన్నాడా అని అడిగాను.

"పోనాడమ్మా."

"ఎక్కడికి?" అన్నాను, పెన్ను తీసుకుంటూ.

అవతల ఆవిడ ముక్కు చీదడం వినిపించింది. ఏం అడిగానో అప్పుడు తెలిసింది. పెన్ను కింద పెట్టేశాను. చివరికి ఆవిడే సర్దిచెప్పింది.

"ఈపాలి ఊరికి కాదమ్మా. నువ్వు రాసీ. ఈపాలి తప్పేటీ నేదు."